పుట్టిన బిడ్డ కిడ్నీలు: కాన్పుకు ముందు, తొలి పది రోజుల్లో జాగ్రత్తలు

మొదటి వారంలో బిడ్డ ఎన్నిసార్లు ఉచ్చ పోసిందో కాగితం మీద రాసి పెట్టండి. కింద చెప్పబోయే వాటిలో ఒక్కటే గుర్తుంటుందనుకుంటే, ఇదొక్కటి గుర్తున్నా చాలు. ఎన్నిసార్లు పాలు తాగింది, ఎంతసేపు పడుకుంది, ముక్కు ఎవరి పోలిక అనే లెక్కలు ఎలాగూ ఇంటిల్లిపాదీ వేస్తారు. ఉచ్చ సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. డాక్టర్ అడిగితే "పోస్తూనే ఉందండీ" అంటారు. నిన్న ఎన్నిసార్లు, ఇవాళ ఎన్నిసార్లు అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

అప్పుడే పుట్టిన పిల్లల్లో కిడ్నీలు ఉన్నట్టుండి పని తగ్గించేయడం మనం అనుకున్నంత అరుదు కాదు. నాలుగు దేశాల్లోని 24 ఆసుపత్రుల రికార్డులతో 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇంటెన్సివ్ కేర్‌లో చేరిన పసిబిడ్డల్లో దాదాపు 30 శాతం మందికి ఎంతో కొంత కిడ్నీ దెబ్బ కనిపించింది. ఇది జబ్బు చేసి ఇంటెన్సివ్ కేర్ దాకా వెళ్లిన పిల్లల లెక్క. పుట్టిన ప్రతి బిడ్డకూ వర్తించదు కాబట్టి కంగారు పడకండి. అయితే కారణాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది కిడ్నీకి చాలినంత రక్తం, నీరు అందకపోవడమే. అందులో ఒక భాగం ఇంట్లో వాళ్ల చేతుల్లోనే ఉంది.

పసి కిడ్నీ ఎందుకంత సున్నితం

రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లు ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షలు ఉంటాయి. నెలలు నిండిన బిడ్డకు ఇవన్నీ కడుపులో ఉండగానే, 36 వారాలు వచ్చేసరికి తయారైపోతాయి. ఆ తర్వాత కొత్తవి పుట్టవు. ముందే పుట్టేసిన బిడ్డలో ఇంకొన్ని వారాలు తయారవుతూనే ఉంటాయి గానీ, మొత్తం మీద తక్కువ నెఫ్రాన్లతోనే జీవితమంతా సరిపెట్టుకోవాల్సి వస్తుంది.

బిడ్డ కడుపులో ఉన్నన్నాళ్లూ ఒంట్లోని మలినాలను తీసేసే పని మాయది. బొడ్డుతాడు కోసిన క్షణం నుంచి ఆ బరువంతా బిడ్డ కిడ్నీల మీద పడుతుంది. ఒంటి పరిమాణాన్ని బట్టి సరిచేసి లెక్కేసినా, పుట్టినప్పుడు వాటి వడపోత శక్తి పెద్దవాళ్లలో ఐదో వంతుకు మించదు. రెండు వారాల్లో అది రెట్టింపవుతుంది. పూర్తి స్థాయికి రావాలంటే ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు పెద్దవాళ్ల కిడ్నీలు మూత్రాన్ని బాగా చిక్కగా చేసి నీటిని ఆదా చేస్తాయి. పసివాళ్ల కిడ్నీలకు ఆ నేర్పు సగమే. అందుకే పెద్దవాళ్లు తట్టుకునే కొరతకే పసిబిడ్డ కుదేలవుతుంది.

కడుపుతో ఉన్నప్పుడే చూసుకోవాల్సినవి

మొదటిది మందులు. బీపీ ఉన్నవాళ్లు గర్భం అని తెలియగానే తాము వాడే బిళ్లల పేర్లు డాక్టర్‌కు చూపించాలి. ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటివి కడుపులోని బిడ్డ కిడ్నీలను నేరుగా దెబ్బతీస్తాయి. వాటి బదులు గర్భంలో వాడదగ్గ మందులు ఉన్నాయి, డాక్టర్ మారుస్తారు. అలాగని మీ అంతట మీరు బీపీ బిళ్ల ఆపేయకండి, అదింకా ప్రమాదం.

ఒళ్లు నొప్పులకూ నడుము నొప్పికీ వాడే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి 20 వారాలు దాటాక డాక్టర్ చెప్పకుండా వేసుకోకూడదు. ఇవి బిడ్డ కిడ్నీకి రక్తాన్ని తగ్గిస్తాయి. కడుపులోని బిడ్డ పోసే ఉచ్చే ఉమ్మనీరులో ఎక్కువ భాగం కాబట్టి, కిడ్నీలు మందగిస్తే ఉమ్మనీరు తగ్గిపోతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020లో ఈ విషయం మీద ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే బిళ్లలు కదా అని చాలామంది వీటిని మందుల కింద లెక్కే వేయరు.

రెండోది స్కానింగ్. ఐదో నెలలో చేసే స్కాన్‌లో బిడ్డకు రెండు కిడ్నీలు ఉన్నాయా, వాటిలో నీరు చేరి ఉబ్బాయా, మూత్రాశయం నిండి ఖాళీ అవుతోందా అన్నది తెలుస్తుంది. మగపిల్లల్లో మూత్రనాళానికి పుట్టుకతోనే పొరలు అడ్డుపడే జబ్బు ఒకటుంది. ఉచ్చ బయటికి రాలేక వెనక్కి తన్ని రెండు కిడ్నీలనూ ఉబ్బిస్తుంది. స్కాన్‌లో 'కిడ్నీలు కాస్త ఉబ్బాయి' అని రాసి ఉంటే, చాలాసార్లు అది దానంతటదే సర్దుకుంటుంది. కానీ ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి మర్చిపోకూడదు. కాన్పు రోజు పిల్లల డాక్టర్ చేతికి ఇవ్వాలి. బిడ్డకు మళ్లీ ఎప్పుడు స్కాన్ చేయాలో వాళ్లు చెబుతారు. రెండు వైపులా ఉబ్బు ఉన్నా, ఉమ్మనీరు బాగా తగ్గినా, ఒకే కిడ్నీ ఉన్నా పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్ ఉన్న చోటే కాన్పుకు ఏర్పాటు చేసుకోండి.

తల్లికి షుగర్ ఉంటే కాన్పు దాకా దాన్ని అదుపులో ఉంచుకోవడం బిడ్డ కిడ్నీలకూ మంచిదే. ఆ పిల్లల్లో రక్తం చిక్కబడి కిడ్నీ సిరలో గడ్డ కట్టే ముప్పు మిగతావాళ్లకంటే ఎక్కువ. అప్పుడు ఉచ్చ ఎర్రగా వస్తుంది, డాక్టర్ చేత్తో తడిమితే పక్కటెముకల కింద కిడ్నీ గట్టిగా తగులుతుంది.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు

పుట్టిన పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా మొదటి 24 గంటల్లో ఉచ్చ పోస్తారు. దాదాపు మిగతా అందరూ 48 గంటల్లో పోసేస్తారు. కొందరు కాన్పు గదిలోనే పోసేస్తే ఆ హడావిడిలో ఎవరూ గమనించరు. కాబట్టి 24 గంటలు గడిచినా ఎవరూ చూడలేదంటే నర్సుకు చెప్పండి. 'పోస్తుందిలే' అని రెండో రోజు దాటనివ్వొద్దు. మగపిల్లాడైతే ధార ఎలా వస్తోందో కూడా చూడండి. బొట్లు బొట్లుగా కారుతుంటేనో, పొత్తికడుపు ఉబ్బెత్తుగా కనిపిస్తుంటేనో అక్కడున్నప్పుడే చూపించాలి.

ఇంటికి వెళ్లే రోజు బరువు ఎంతో అడిగి రాయించుకోండి. పుట్టినప్పటి బరువుతో పోలిస్తే మొదటి నాలుగైదు రోజుల్లో ఐదు నుంచి ఏడు శాతం తగ్గడం మామూలే. పది శాతం దాటితే మామూలు కాదు. మూడు కేజీలతో పుట్టిన బిడ్డకు 300 గ్రాముల తగ్గుదలే హద్దు. నాలుగో రోజుకు 2 కేజీల 650 గ్రాములకు దిగిందంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, 'రెండు రోజులు చూద్దాం' అనుకోవడానికి వీల్లేదు. రెండు వారాలు తిరిగేసరికి పుట్టినప్పటి బరువు మళ్లీ రావాలి.

ఇంటికొచ్చాక: లెక్క ఎలా పెట్టాలి

మొదటి రోజు కనీసం ఒకసారి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు. ఐదో రోజు నుంచి 24 గంటల్లో ఆరుసార్లకు తగ్గకుండా తడవాలి. గుడ్డలు వాడితే తడి వెంటనే తెలిసిపోతుంది. జెల్ ఉన్న డైపర్లతోనే చిక్కు. తడిని లోపలికి లాగేసుకుని పైకి పొడిగా కనిపిస్తాయి. ఆ మొదటి వారం మట్టుకు గుడ్డలు కట్టండి, లేదంటే డైపర్ లోపల చిన్న దూది ఉండ పెట్టి చూడండి. వంటింట్లో గ్రాముల త్రాసు ఉంటే ఇంకా తేలిక. పొడి డైపర్ 20 గ్రాములు, తీసినది 50 గ్రాములు ఉంటే బిడ్డ 30 మి.లీ. పోసినట్టు. విరేచనం కలిస్తే ఈ లెక్క తప్పుతుంది. కేజీ బరువుకు గంటకు ఒక మిల్లీలీటర్ అన్నది డాక్టర్లు చూసే కనీస హద్దు. అంటే మూడు కేజీల బిడ్డకు రోజంతా కలిపి 72 మి.లీ. కంటే తక్కువైతే అనుమానించాలి.

మొదటి రెండు మూడు రోజుల్లో గుడ్డ మీద ఇటుక పొడి చల్లినట్టు నారింజ రంగు మరక కనిపించవచ్చు. చాలామంది రక్తం అనుకుని హడలిపోతారు. అది యూరేట్ లవణాలు, చిక్కటి మూత్రంలో తేలేవి. రెండో రోజు కనిపిస్తే టెన్షన్ అక్కర్లేదు. నాలుగో రోజు దాటాక కూడా అదే రంగు వస్తోందంటే మాత్రం బిడ్డకు పాలు చాలట్లేదని అర్థం.

నన్నడిగితే అసలు భయపడాల్సింది ఏడ్చే బిడ్డను చూసి కాదు. "మా బంగారు తల్లి, ఏడవనే ఏడవదు, ఒకటే నిద్ర" అని మురిసిపోయే ఇళ్లలోనే ఒక్కోసారి ముప్పు దాగి ఉంటుంది. పాలు చాలని బిడ్డ మొదట్లో ఏడుస్తుంది. ఓపిక అయిపోయాక ఏడుపు మానేస్తుంది. రొమ్ముకు పెడితే నాలుగు గుక్కలు చప్పరించి కళ్లు మూస్తుంది. తల్లేమో కడుపు నిండిందనుకుంటుంది. ఈలోగా ఒంట్లో నీరు తగ్గి రక్తంలో సోడియం, అంటే ఉప్పు శాతం, ఎక్కుతుంది. నాలుక తడి లేకుండా బంక బంకగా ఉంటుంది, మాడు గుంట పడుతుంది, ఒళ్లు వెచ్చబడుతుంది, కామెర్లు ముదురుతాయి. పొట్ట మీద చర్మం పట్టుకుంటే పిండి ముద్దలా మెత్తగా తగులుతుంది. సోడియం ఎక్కువైన బిడ్డలో చర్మం ముడుతలు అంత తొందరగా పడవు కాబట్టి చూపుకు బాగానే ఉన్నట్టుంటుంది. బరువు తూస్తే గానీ అసలు సంగతి బయటపడదు. తొలి చూలు తల్లులకు, సిజేరియన్ అయినవాళ్లకు పాలు పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. ఇలాంటి బిడ్డలు ఎక్కువగా వాళ్ల ఇళ్లలోనే కనిపిస్తారు.

అందుకని మొదటి వారంలో రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. మూడు గంటలు దాటితే నిద్ర లేపి మరీ పట్టండి. గుటకలు వినిపిస్తున్నాయా, పట్టిన తర్వాత రొమ్ము తేలికపడిందా అన్నది చూసుకోవాలి. బిడ్డ రొమ్ము సరిగ్గా పట్టుకోవట్లేదనిపిస్తే ఆసుపత్రి నర్సు చేత దగ్గరుండి చూపించుకోండి. ఇందులో సిగ్గుపడటానికి ఏమీ లేదు. నిజంగానే పాలు చాలట్లేదని డాక్టర్ తేల్చి పిండిన పాలో, డబ్బా పాలో కొన్నాళ్లు ఇమ్మంటే ఇవ్వండి. 'తల్లిపాలే పట్టాలి' అన్న పంతంతో బిడ్డను ఎండబెట్టకూడదు. డబ్బా పాలు కలిపేటప్పుడు డబ్బాతో వచ్చిన చెంచాతో, దాని మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. బలంగా ఉంటుందని పొడి ఎక్కువ వేస్తే ఉప్పు లోడు పెరిగి ఆ బరువు కిడ్నీల మీదే పడుతుంది.

నీళ్లు మాత్రం వద్దు. ఎండలు మండిపోతున్నా ఆరు నెలల లోపు బిడ్డకు విడిగా నీళ్లు, చక్కెర నీళ్లు పట్టకూడదు. నీళ్లతో పొట్ట నిండి పాలు తాగదు. అంతంత నీటిని పసి కిడ్నీ బయటికి పంపలేక సోడియం పడిపోయి ఫిట్స్ వస్తాయి. వేడి రోజుల్లో పాలు మరికాస్త తరచుగా పట్టడమే మందు. గాలి ఆడే గదిలో పలచటి నూలు బట్టతో ఉంచండి. ఉక్కపోతలోనూ టోపీ, మేజోళ్లు, పైన దుప్పటి కప్పి మూట కట్టేస్తే బిడ్డ ఒంట్లోని నీరు ఆవిరైపోతుంది. కామెర్లు తగ్గుతాయని ఎండలో పడుకోబెట్టడమూ అంతే. కామెర్లకు వైద్యం ఆసుపత్రిలో లైటు కింద జరగాలి.

ఇక గ్రైప్ వాటర్, కడుపునొప్పి చుక్కలు, జలుబు సిరప్‌లు, ఊరూ పేరూ లేని పొడులు, భస్మాలు. నెల లోపు బిడ్డకు వీటిలో ఏదీ సొంతంగా పట్టకండి. సిరప్‌ల విషయంలో ఈ మాట ఊరికే అనడం లేదు. 2022లో గాంబియాలో డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ అనే విషాలు కలిసిన సిరప్‌లు తాగి 60 మందికి పైగా చిన్నపిల్లలు కిడ్నీలు ఆగిపోయి చనిపోయారు. రుచి తియ్యగానే ఉంటుంది, తేడా తెలియదు. రెండు మూడు రోజుల్లో ఉచ్చ ఆగిపోతుంది.

ఆగకుండా ఆసుపత్రికి

పన్నెండు గంటలుగా ఉచ్చ లేకపోయినా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ అంటే 100.4 ఫారన్‌హీట్ తాకినా, ఒళ్లు చల్లబడినా, పాలు తాగడం మానేసినా, లేపితే లేవకుండా మగతగా ఉన్నా, వాంతులు ఆకుపచ్చగా వస్తున్నా, ఉచ్చలో ఎరుపు కనిపించినా, కళ్ల చుట్టూ పాదాల మీద వాపు వచ్చినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఎగబీలుస్తున్నా రాత్రా పగలా అని చూడకండి. నెల లోపు బిడ్డకు జ్వరం వస్తే అది నీరు తగ్గడం వల్లనా, రక్తంలో ఇన్ఫెక్షన్ వల్లనా అన్నది ఇంట్లో ఎవరూ తేల్చలేరు. రెండూ కిడ్నీలకు ముప్పే. వెళ్లేటప్పుడు మీరు రాసి పెట్టిన ఉచ్చ లెక్క, పుట్టిన బరువు, స్కాన్ కాగితాలు, బిడ్డకు పట్టిన ప్రతి మందు సీసా వెంట తీసుకెళ్లండి.

ఇప్పటికే ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న బిడ్డల సంగతి

నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, పుట్టగానే ఏడవక ఆక్సిజన్ అందనివాళ్లు, రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లు, గుండె జబ్బుతో పుట్టినవాళ్లు, మాయ ముందే విడిపోయి రక్తం కోల్పోయినవాళ్లు ముప్పు ఎక్కువ ఉన్న గుంపు. ఊపిరి అందనప్పుడు ఒళ్లు ఉన్న రక్తాన్నంతా మెదడుకూ గుండెకూ మళ్లించి కిడ్నీలను పస్తు పెడుతుంది. దానికి తోడు బిడ్డను బతికించడానికి ఇచ్చే మందులే కొన్ని కిడ్నీలకు బరువు. జెంటామైసిన్, అమికాసిన్, వాంకోమైసిన్, ఆంఫోటెరిసిన్, గుండె దగ్గరి నాళం మూసుకోవడానికి ఇచ్చే ఇండోమెథాసిన్, ఐబుప్రోఫెన్ ఆ కోవలోవి. ఇవి ఆపేయమని తల్లిదండ్రులు పట్టుబట్టకూడదు. చాలాసార్లు అవి లేకపోతే బిడ్డే దక్కదు. "కిడ్నీ టెస్టు ఎప్పుడెప్పుడు చేస్తున్నారండీ? మోతాదు దాన్ని బట్టి మారుస్తున్నారా?" అని అడగడం మాత్రం మీ హక్కు.

రిపోర్టులు చూసేటప్పుడు ఒక తిరకాసు. కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే మలినాన్ని బట్టి వాటి పనితీరు అంచనా వేస్తారు. మొదటి రోజు రక్తంలో కనిపించే క్రియాటినిన్ బిడ్డది కాదు, చాలావరకు తల్లిది. నెలలు నిండిన బిడ్డలో అది ఒకటి రెండు వారాల్లో డెసిలీటర్‌కు 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాముల మధ్యకు దిగాలి. ముందే పుట్టిన పిల్లల్లో మొదట కాస్త ఎక్కి, తర్వాత మెల్లగా దిగుతుంది. అందుకే ఒక్క అంకెతో ఏదీ తేలదు, ఎక్కుతోందా దిగుతోందా అన్నదే చూస్తారు. 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలో అంతకుముందున్న కనిష్ఠానికి ఒకటిన్నర రెట్లు అయినా కిడ్నీకి దెబ్బ తగిలినట్టే లెక్క. ఉచ్చ బాగానే వస్తూ కిడ్నీలు చెడిపోవడం కూడా ఈ పిల్లల్లో తరచుగా ఉంటుంది. కాబట్టి ఇక్కడ డైపర్ లెక్క ఒక్కటే సరిపోదు.

వైద్యం ఎలా సాగుతుంది

ముందు మూత్రాశయంలోకి సన్నని గొట్టం పెట్టి, స్కాన్ చేసి అడ్డు ఏమైనా ఉందేమో చూస్తారు. పొరలు అడ్డుపడిన మగబిడ్డకు ఆ గొట్టమే సగం వైద్యం. ఒళ్లు కుదుటపడ్డాక సన్నని దుర్బిణి గొట్టం లోపలికి పంపి ఆ పొరలను కోసేస్తారు. అడ్డేమీ లేక, నీరు తగ్గిందనిపిస్తే కేజీకి 10 మి.లీ. చొప్పున సెలైన్ అరగంట నుంచి గంటలోపు ఎక్కించి చూస్తారు. ఉచ్చ మొదలైతే కిడ్నీ ఇంకా చెడలేదని అర్థం, దాదాపు పూర్తిగా కోలుకుంటుంది. ఈ దశలో గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. నీటి కొరత సాగేకొద్దీ కిడ్నీ లోపలి కణాలు చచ్చిపోతాయి. అప్పుడిక సెలైన్ ఎంత పెట్టినా ఉచ్చ రాదు.

సోడియం బాగా ఎక్కి ఉన్న బిడ్డకు మాత్రం దాన్ని రెండు మూడు రోజులు పట్టేలా నెమ్మదిగా దించుతారు. 'డ్రిప్ ఇంత మెల్లగా పెట్టారేంటి' అని గొడవ చేసే బంధువు ప్రతి వార్డులోనూ ఒకరుంటారు. గబగబా దించితే మెదడు వాచి ఫిట్స్ వస్తాయి, అందుకే ఆ నిదానం.

కిడ్నీ నిజంగానే ఆగిందని తేలాక వైద్యం తిరగబడుతుంది. నిన్నటిదాకా నీళ్లు ఎక్కించినవాళ్లే ఇవాళ చుక్క లెక్కన కొలిచి ఇస్తారు. చర్మం, ఊపిరి ద్వారా పోయినంత, ఉచ్చ ద్వారా పోయినంత కలిపి అంతే ఇస్తారు. రోజుకు రెండుసార్లు బరువు తూస్తారు. డ్రిప్‌లో పొటాషియం ఆపేస్తారు. ఎందుకంటే ఈ దశలో ప్రాణం తీసేది ఎక్కువగా పొటాషియమే, అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. దానికి కాల్షియం గ్లూకోనేట్, గ్లూకోజ్‌తో ఇన్సులిన్, సాల్‌బ్యుటమాల్ ఇస్తారు. ఇవి కాసేపు ఆదుకుంటాయి, అంతే. కిడ్నీ తెరుచుకోవాలి, లేదా డయాలసిస్ చేయాలి. ఫ్యూరోసెమైడ్ ఇస్తే ఉచ్చ రావచ్చు, నీరు తగ్గవచ్చు. దానితో కిడ్నీ బాగుపడిందని మాత్రం అనుకోవద్దు. కిడ్నీకి రక్తం పెరుగుతుందని తక్కువ మోతాదులో డోపమిన్ ఇచ్చే పాత పద్ధతిని 2012 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు వద్దన్నాయి.

డయాలసిస్ అనగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. పెద్దవాళ్లలో లాగా ఇక జీవితాంతం అనుకుంటారు. పసిపిల్లల్లో చాలావరకు అది కిడ్నీ కోలుకునేదాకా కొన్ని రోజులు, వారాలు నిలబెట్టే ఏర్పాటు. మందులకు లొంగని పొటాషియం, రక్తంలో పేరుకున్న ఆమ్లం, ఊపిరితిత్తుల్లోకి చేరిన నీరు ఉన్నప్పుడు ఆలస్యం చేయరు. వీళ్లకు ఎక్కువగా పొట్ట ద్వారా చేస్తారు. బొడ్డు దగ్గర చిన్న గొట్టం పెట్టి, అందులోంచి ద్రవం లోపలికి పంపి, కాసేపు ఉంచి బయటికి తీస్తారు. ఈ చుట్టు రాత్రింబవళ్లు సాగుతుంది. పెద్ద మెషీన్ అక్కర్లేదు, రక్తనాళాల్లో లావు గొట్టాలు అక్కర్లేదు. రక్తం ద్వారా చేసే యంత్రాలు చాలాకాలం పసివాళ్లకు పెద్దవైపోయేవి. 2013లో ఇటలీలో ప్రత్యేకంగా పసిబిడ్డల కోసం తయారైన యంత్రాన్ని మొదటిసారి వాడాక పెద్ద కేంద్రాల్లో ఆ దారి కూడా తెరుచుకుంది. పుట్టుకతోనే కిడ్నీలు సరిగ్గా ఏర్పడనివాళ్లకు, కిడ్నీ పై పొర పూర్తిగా చచ్చిపోయినవాళ్లకు మాత్రం ఈ సమస్య దీర్ఘకాలం ఉండిపోవచ్చు. ఏ రకమో డాక్టర్‌ను సూటిగా అడగండి.

ఇంటికి పంపేటప్పుడు

డిశ్చార్జ్ కాగితంలో బిడ్డ చివరి క్రియాటినిన్, బీపీ, బరువు ఉన్నాయో లేదో చూసి తీసుకోండి. మూడు నెలలు గడిచాక ఒకసారి కిడ్నీ పరీక్షలు చేయించాలి. ఆ తర్వాత బీపీ, ఉచ్చలో ప్రొటీన్ ఎన్నాళ్లకోసారి చూడాలో పిల్లల డాక్టర్ చెబుతారు. బిడ్డ బొద్దుగా, హుషారుగా ఉందని ఈ చెకప్‌లు మానేసేవాళ్లే ఎక్కువ. ఒకసారి దెబ్బతిన్న కిడ్నీ బయటికి ఏ గుర్తూ చూపకుండా ఏళ్ల తర్వాత బీపీ రూపంలో బయటపడగలదు. ఆ కాగితానికి రెండు జిరాక్సులు తీసి ఒకటి టీకాల కార్డుతోనే ఉంచండి. తర్వాత జ్వరానికో దగ్గుకో ఏ కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్లినా, మందు రాయకముందే అది ఆయన ముందు పెట్టండి.